కార్డు మీద గడువు

మా తీరం వైపు విమానం టికెట్ తీసేది ఒకరు, ఎక్కేది ఇంకొకరు. మైపాడులోనో, కోడూరులోనో, తూపిలిపాళెంలోనో ఇంట్లో పిలకాయకు దూరాభారం ప్రయాణం పడితే ముందు నెల్లూరులో ఉన్న చుట్టానికి ఫోన్ వస్తుంది. ఆ చుట్టం పేరు, పుట్టిన తేదీ కొట్టి, తన కార్డుతో డబ్బు కట్టి, టికెట్‌ను వాట్సాప్‌లో పంపుతాడు. పిలకాయ దాన్ని జిరాక్స్ తీయించుకుని బ్యాగు సర్దుకుంటాడు. మా బంధువుల్లో ఆ చుట్టాన్ని నేను. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను కాబట్టి కౌన్సెలింగ్ ఆప్షన్లు, హాస్టల్ ఫీజులు, రైలు రిజర్వేషన్లు, విమానం టికెట్లు అన్నీ నా నెత్తినే పడతాయి. ఆ పని నాకు ఇష్టం. నలుగురి కంటే తక్కువ ధరకు టికెట్ పట్టానంటే ఆ పూటంతా హుషారుగా ఉండేది.

ఆ హుషారులోనే తప్పు చేశాను. విద్యార్థులకిచ్చే రాయితీ టికెట్‌ను, విద్యార్థి కాని మా అక్క కొడుక్కి తీశాను. తెలియక తీసింది కాదు. నిబంధన చదివి, అర్థం చేసుకుని, పక్కన పెట్టి తీశాను.

వాడు 2023లో బీటెక్ పూర్తి చేశాడు. సివిల్స్ రాస్తానని, దిల్లీలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ తీసుకుంటానని పట్టుబట్టాడు. మా బావ మైపాడు దగ్గర రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాడు. ఆ ఏడాది ఒక గుంటకు తెల్లమచ్చ జబ్బు తగిలి పంట మధ్యలోనే పట్టేయాల్సి వచ్చింది. చిన్న సైజు రొయ్యకు వచ్చే ధర మేత బాకీకే చాలలేదు. అయినా బావ కొడుకును ఆపలేదు. కోచింగ్ ఫీజు మొదటి విడత కట్టి, గది అడ్వాన్సుకు కొంత చేతికిచ్చాడు. ప్రయాణం ఖర్చు మాత్రం తగ్గించమని నన్ను అడిగాడు. "రైల్లో పోనీలే బావా" అంటే అక్క ఒప్పుకోలేదు. గ్రాండ్ ట్రంక్‌లో రెండు రాత్రులు, ఒక పగలు, అంత సామానుతో ఒక్కడే ఎట్టా పోతాడని ఆమె బాధ.

నెల్లూరు జిల్లాకు విమానాశ్రయం లేదు. దగదర్తిలో 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు గానీ అక్కడినుంచి విమానం ఎగరలేదు. రేణిగుంట ఉంది, కానీ అక్కడ సర్వీసులు తక్కువ. కాబట్టి మాకు విమానం అంటే చెన్నై. బస్సులో పోతే మాధవరంలో దిగాలి, రైల్లో పోతే సెంట్రల్‌లో దిగి మెట్రో పట్టుకోవాలి. ఇంటి గడప నుంచి విమానం మెట్ల దాకా అయ్యే ఈ ఖర్చును టికెట్ ధరలో కలిపి చూసే అలవాటు అప్పటికి నాకు లేదు. ఫోన్లో కనబడే అంకె ఒక్కటే నాకు ధర.

టికెట్ తీసిన రోజు విమానయాన సంస్థ పేజీలో సాధారణ ప్రయాణికుడు, వృద్ధులు, సైనికులు, విద్యార్థి అని వరసగా గడులున్నాయి. 'విద్యార్థి' గడి నొక్కగానే రెండు మార్పులు కనబడ్డాయి. ధర కొంచెం తగ్గింది. సామాను పరిమితి 15 కిలోల నుంచి 25కు పెరిగింది. కింద సన్న అక్షరాల్లో నిబంధన ఉంది: గుర్తింపు పొందిన విద్యాసంస్థలో పూర్తికాలం చదువుతున్నవాళ్లకే ఈ టికెట్, చెల్లుబాటులో ఉన్న ఐడీ కార్డు కౌంటర్ దగ్గర చూపాలి, చూపకపోతే రాయితీ రద్దు, ప్రయాణానికి నిరాకరించవచ్చు కూడా. చదివాను. వాడికి ఫోన్ చేశాను.

"నా కార్డు అయిపోయింది గదా మామా" అన్నాడు.

"ఏం కాదులే అబ్బయ్యా. కోచింగు మాత్రం చదువు కాదా? కార్డు మీద ఫోటో చూస్తారు, పంపిస్తారు. అంత లోతుగా ఎవురూ చూడరు."

వాడు కాసేపు మాట్లాడలేదు. "సరే మామా" అన్నాడు. వాడి మౌనం నాకు వినబడింది. వినబడనట్టే టికెట్ తీశాను.

బ్యాగు సర్దిన రోజు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. గుంటగట్టు మీద రొయ్యలు తూచే ఎలక్ట్రానిక్ కాటాను బావ ఇంటికి తెచ్చాడు. దాని ప్లేటు మీద ఎప్పుడూ ఉండే నీచు తడిని అక్క పాత గుడ్డతో తుడిచి, పైన గోనెపట్టా పరిచింది. బ్యాగు ఎక్కించారు. పుస్తకాలతోనే సగం బరువు తేలింది. దుప్పటి, చిన్న కుక్కరు, రొయ్యల పచ్చడి సీసా రెండు కవర్లలో చుట్టి పెట్టారు. అంకె 25కు ఇంకా కొంచెం తక్కువుంది. "ఇంకా పడతాయి" అంటూ అక్క మొలగొలుకుల బియ్యం ఒక సంచిలో పోసి, జిప్పు వేసి, అంకె చూసి, మళ్లీ తెరిచి గుప్పెడు తీసి, మళ్లీ వేసింది. సరిగ్గా 25 దగ్గర అంకె నిలబడేదాకా ఆమె ఊరుకోలేదు. ఆ పది కిలోలు నేను సంపాదించి పెట్టినట్టు నావైపు చూసి నవ్వింది.

చెన్నైలో ఏం జరిగిందో ఆ రోజు నాకు తెలియలేదు. లోపలికి పోయానని మెసేజ్ పెట్టాడు, దిగానని మెసేజ్ పెట్టాడు. "కార్డు అడిగినారా?" అని నేనూ అడగలేదు. తెలిసింది సంక్రాంతికి వాడు ఊరొచ్చినప్పుడు. సాయంత్రం గుంటగట్టు మీద నడుస్తున్నాం. నేను ఇంకో పిలకాయకు టికెట్ తీయాలని, విద్యార్థి రాయితీ చూస్తానని ఏదో మాట్లాడుతున్నాను. వాడు ఆగాడు.

"ఒకటి చెప్తా, అమ్మకు చెప్పబాక మామా" అన్నాడు.

బ్యాగు బెల్టు మీద పెట్టాక కౌంటర్లో అమ్మాయి ఐడీ కార్డు అడిగిందట. ఇచ్చాడు. ఆమె ఫోటో వైపు చూడనే లేదు. ఫోటో కింద ఉన్న గీతను చదివింది. అక్కడ '2019-23' అని ఉంది. ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారని అడిగింది. కోచింగ్ ఫీజు రసీదు చూపించాడు. అది విద్యాసంస్థ కిందకు రాదని ఆమె మర్యాదగానే చెప్పిందట. గొంతు పెంచలేదు, అవమానించలేదు. విద్యార్థి టికెట్ చెల్లదు, ఈ రోజు ధరకు ఉన్న తేడా కట్టాలి, సామాను 15 కిలోలే అంది. ప్రయాణం రోజు ధర ఎట్టా ఉంటుందో టికెట్లు తీసేవాళ్లకు తెలుసు. నేను వారాల ముందు తీసిన ధరకూ దానికీ పొంతన లేదు. గది అడ్వాన్సు కోసం బావ ఇచ్చిన డబ్బులోంచి కట్టాడు. ఆ పైన పది కిలోలు ఎక్కువ. కిలోకు అయిదు వందల పైమాటే. అంత కట్టే శక్తి లేదు.

క్యూ పక్కన నేల మీద బ్యాగు పరిచి విప్పాడు. పుస్తకాలు తీయలేడు. కుక్కరు వంటకు, దుప్పటి దిల్లీ చలికి కావాలి. బియ్యం సంచి, పచ్చడి సీసా బయటకు తీసి, అక్కడ నేల తుడుస్తున్న ఒక పెద్దామెకు ఇచ్చాడు. ఆమెకు తెలుగు రాదు, వీడికి తమిళం రాదు. ఎందుకిస్తున్నాడో ఆమెకు అర్థం కాక మొదట తీసుకోలేదట. మిగిలిన ఎక్కువ బరువుకు డబ్బు కట్టి ఎక్కాడు. రాత్రికి అక్క ఫోన్ చేసి "బియ్యం వండుకున్నావా నాయనా?" అంటే "వండుకున్నానమ్మా, బాగుండాయి" అన్నాడు. ఆ తరవాత అక్క అడిగినప్పుడల్లా ఆ బియ్యం గురించి వాడు ఏదో ఒకటి చెబుతూనే వచ్చాడు.

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?" అన్నాను.

"నువ్వు ఎవురూ చూడరన్నావు గదా మామా. ఆ అమ్మాయి ముందర నేను కూడా ఏదో ఒక అబద్ధం చెబుదామని నోరు తెరిచినా. మాట రాలేదు. నీకు చేస్తే నువ్వు ఇంకోటి చెప్పమంటావని చెయ్యలేదు."

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. డబ్బు తేడా నేను తరవాత వాడి ఖాతాలో వేశాను, వాడు వద్దన్నా వేశాను. కానీ మొదటిసారి ఒంటరిగా ఊరు దాటుతున్న కుర్రాడి చేతిలో నేను పెట్టి పంపింది చెల్లని కార్డు, దాని వెనక ఒక చిన్న అబద్ధం. నేను ఇంట్లో కుర్చీలో కూర్చుని నొక్కిన గడికి వాడు వెనక నిలబడ్డ జనం ముందు జవాబు చెప్పాల్సి వచ్చింది. క్లాసులో ఇతరుల జవాబుపత్రం చూసి రాస్తే ఊరుకోని మనిషిని, ఇక్కడ వాడి చేత అదే పని చేయించాను. మా ఇళ్లల్లో దీన్ని మోసం అనుకోరు, తెలివి అనుకుంటారు. నేనూ అట్టాగే అనుకున్నాను. అది తప్పు.

ఆ తరవాత ఈ టికెట్ల సంగతి నిదానంగా కూర్చుని చూశాను. చూస్తే, నా దురాశకు లెక్క కూడా లేదని తేలింది.

టికెట్ ధర అంతా ఒకే ముద్ద కాదు. అందులో బేస్ ఫేర్ ఉంటుంది, విమానాశ్రయం వాడుకున్నందుకు రుసుము, భద్రతా రుసుము, ఎకానమీ తరగతికి 5 శాతం జీఎస్టీ, సంస్థలు వేసే ఇంకొన్ని ఛార్జీలు ఉంటాయి. విద్యార్థి తగ్గింపు బేస్ ఫేర్ మీదే. ఉదాహరణకు మొత్తం 5,200 రూపాయల టికెట్‌లో బేస్ ఫేర్ 4,000 అనుకుందాం. తగ్గింపు 6 శాతమైతే మిగిలేది 240 రూపాయలు, 10 శాతమైతే 400. మధ్యవర్తి సైట్ల కన్వీనియన్స్ ఫీజు పడితే అందులోనూ చాలా భాగం పోతుంది. అదీ కాక ఈ తగ్గింపు మామూలు ఛార్జీ మీద ఇచ్చేది. సంస్థ పండగ సేల్ పెట్టిన రోజుల్లో, ఏ రాయితీ లేని టికెట్టే విద్యార్థి టికెట్ కన్నా చౌకగా దొరకడం నేను చాలాసార్లు చూశాను. 'విద్యార్థి' అన్న మాట కనబడగానే మిగతా ధరలు చూడటం మానేసేవాణ్ణి.

విద్యార్థి టికెట్‌లో అసలు విలువ సామానులో ఉంది. మన దేశంలో ఇండిగో, ఎయిర్ ఇండియా లాంటి సంస్థలు విద్యార్థులకు అదనంగా 10 కిలోలు ఇస్తున్నాయి. కౌంటర్ దగ్గర కిలోకు అయిదు వందలు లెక్కేసినా అది అయిదు వేల విలువ. ఒకసారి ఉచితంగా తేదీ మార్చుకునే వీలు కూడా కొన్ని చోట్ల ఉంటుంది. పరీక్షలు వాయిదా పడే మన విశ్వవిద్యాలయాల పిలకాయలకు అది తగ్గింపు కన్నా ఎక్కువ పనికొస్తుంది. అంటే కొత్తగా చేరబోతూ పరుపు, దుప్పట్లు, పుస్తకాలు మోసుకుపోయే నిజమైన విద్యార్థికి ఈ టికెట్ మంచిది. సెలవులకు చేతిసంచితో ఇంటికొచ్చే విద్యార్థికి దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ ఇద్దరికీ నేను ఒకే టికెట్ తీస్తూ వచ్చాను.

కొత్తగా చేరేవాళ్ల సంగతి ఇంకొకటి ఉంది. డిగ్రీ అయిపోయిన కార్డు గడువు తీరిపోయి ఉంటుంది, కొత్త కార్డు అక్కడికి పోయాక గానీ ఇవ్వరు. వీళ్లు నిజంగా విద్యార్థులే, అయినా చేతిలో రుజువు ఉండదు. అడ్మిషన్ లెటర్‌నో, కాలేజీ ఇచ్చే బోనఫైడ్‌నో ఒప్పుకుంటారా లేదా అన్నది సంస్థను బట్టి మారుతుంది. టికెట్ తీయకముందే ఆ సంస్థ నిబంధన చూసి, ఒప్పుకుంటే ఆ కాగితాన్ని పెద్ద బ్యాగులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి. బెల్టు మీద వెళ్లిపోయిన బ్యాగులో ఉన్న కాగితం కౌంటర్ దగ్గర పనికిరాదు.

అమెరికా పోయే పిలకాయలకు ఈ ఇబ్బంది తక్కువ. మా కాలేజీలో చదివి ఎమ్మెస్‌కు పోయేవాళ్లు చాలామందే ఉన్నారు. పాస్‌పోర్టులో విద్యార్థి వీసా, చేతిలో అక్కడి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం ఉంటాయి. వాటిని ఎవరూ కాదనలేరు. చాలా సంస్థలు ఆ దారిలో మామూలుగా 23 కిలోల బ్యాగులు రెండు ఇస్తాయి, విద్యార్థి టికెట్ మీద కొన్ని ఇంకో బ్యాగు ఇస్తాయి. ఊరగాయలు, పొడులు, ప్రెషర్ కుక్కర్ మోసుకుపోయే మనవాళ్లకు ఆ మూడో బ్యాగు పెద్ద ఆసరా. అక్కడ ధైర్యంగా వాడుకోవచ్చు.

రద్దు విషయంలోనూ నాది అజ్ఞానమే. ఒక మేనకోడలి పరీక్ష వాయిదా పడి, ప్రయాణం మానుకోవాల్సి వచ్చింది. 'నాన్ రిఫండబుల్' అని టికెట్ మీద ఉంది కదా, పోతే పోయిందని వదిలేశాను. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, 2016 ఆగస్టు నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం, ఎంత చౌక టికెట్ అయినా, వాపసు లేదని రాసున్నా, రద్దు చేసుకుంటే అందులోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇచ్చి తీరాలి. రద్దు ఛార్జీ బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన దానికి మించకూడదు. చౌక టికెట్‌లో పన్నులు, రుసుముల వాటా ఎక్కువ కాబట్టి వచ్చేది మరీ చిన్న మొత్తమేమీ కాదు. కానీ రద్దు నొక్కితేనో, అడిగితేనో వస్తుంది. విమానం వెళ్లిపోయేదాకా ఊరుకుని, తరవాత అడగనూ అడక్కపోతే ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. నేను నొక్కలేదు, అడగలేదు.

వయసును చూసి, చదువును చూసి ఛార్జీ తగ్గించడం ఈనాటిది కాదు. ప్రభుత్వ రంగ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉన్న రోజుల్లో అది విద్యార్థులకు బేస్ ఫేర్‌లో సగం తగ్గించేది. ఆ సగం కూడా మా వైపు ఇళ్లకు అందనంత దూరంలోనే ఉండేది. అమెరికాలో 1966లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 12 నుంచి 21 ఏళ్ల వాళ్లకు సగం ధర టికెట్ పెట్టింది. మూడు డాలర్లు కట్టి కార్డు తీసుకోవాలి, సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు. మిగతా సంస్థలూ అదే దారి పట్టాయి. బస్సు కంపెనీలు కోర్టుకెక్కాయి. వయసు ఒక్కటే చూసి ఒకరికి సగం, పక్క సీటులో వాళ్లకు పూర్తి ధర వేయడం అన్యాయమైన వివక్ష అని అక్కడి పౌర విమానయాన బోర్డు 1972లో తేల్చింది. 1974 నాటికి ఆ టికెట్లు ఆగిపోయాయి.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా తీరం పాళేల్లోని పిలకాయలు గుర్తొచ్చారు. వాళ్లలో కొందరు ఇరవై ఏళ్లకే కువైట్‌కు డ్రైవర్లుగానో, ఇళ్లల్లో పనికో పోతారు. మా అక్క కొడుకు వయసే, కొందరిది ఇంకా తక్కువ. వాళ్ల టికెట్‌కు ఏ గడీ లేదు. అప్పు తెచ్చి పూర్తి ధర కడతారు. చదువుకునే వాడికి తగ్గించి, చదువు మానేసి పనికి పోయేవాడికి తగ్గించకపోవడం దయ లెక్కన చూస్తే అర్థం కాదు. సంస్థలు చూసుకునేది తమ సీట్లు నిండటం, రేపటి ప్రయాణికుణ్ణి ఇప్పుడే అలవాటు చేసుకోవడం. అది వ్యాపారం, దాన్ని తప్పు పట్టను. కానీ నేను దాన్ని మనవాడికి రావాల్సిన హక్కులాగా, ఎట్టాగైనా లాక్కోవాల్సిన దానిలాగా చూశాను. పూర్తి ధర కట్టి కువైట్ పోయే కుర్రాడి ముందు ఆ ఆలోచన నిలబడదు.

విమానం మా వాళ్ల ఊహలోకి రావడానికి చౌక టికెట్లే కారణమన్నది మాత్రం నిజం. కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన చౌక విమానాల సంస్థ ఎయిర్ డెక్కన్ 2003లో మొదలైంది. ఆ సెప్టెంబరు 24న హైదరాబాద్ నుంచి విజయవాడకు వాళ్ల తొలి విమానం బేగంపేట విమానాశ్రయంలో కదిలే సమయంలో ఇంజిన్‌లో మంటలొచ్చాయి. అందులో మా జిల్లా చవటపాళెం మనిషి, అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు వెంకయ్యనాయుడు ఉన్నారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. అట్టాంటి మొదలుతో కూడా ఆ సంస్థ నిలదొక్కుకుని, తరవాత రూపాయి టికెట్ల దాకా పోయి, మధ్యతరగతికి విమానం అలవాటు చేసింది. 2017 ఏప్రిల్ 27న కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద కడప నుంచి హైదరాబాద్‌కు విమానం నడిచింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అన్న మాట అప్పుడు ఇంటింటా వినబడింది. ఈ రెండింటిలో ఎక్కడా కార్డు లేదు, గడి లేదు, పిల్లవాడు రుజువు చేసుకోవాల్సింది లేదు. అందరికీ తగ్గిన ధర అది. ఇప్పుడు నేను టికెట్ వెతికేటప్పుడు ముందు చూసేది అట్టాంటి ధరనే. ముందుగా తీస్తే, వారం మధ్యలో పోతే, వేళ కొంచెం అటూ ఇటూ అయినా ఒప్పుకుంటే, విద్యార్థి గడి ముట్టకుండానే ఎక్కువ మిగులుతుంది.

పనిలో పనిగా మా కాలేజీ ఆఫీసులో ఉండి కూడా నేను పట్టించుకోని ఇంకో సంగతి చెప్పాలి. విమానం రాయితీ కోసం అంత వెతికిన నాకు, మా ప్రిన్సిపాల్ గది బీరువాలో రైల్వే విద్యార్థి రాయితీ ఫారాలు పడి ఉన్నాయని తట్టలేదు. 2020 మార్చిలో రైల్వే వృద్ధుల రాయితీతో సహా చాలా రాయితీలు నిలిపేసింది, విద్యార్థుల రాయితీని మాత్రం ఉంచింది. సెలవులకు సొంతూరు పోయి రావడానికి సెకండ్ క్లాసు, స్లీపర్‌లో సగం ధర. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం తగ్గింపు. కాలేజీ వాళ్లు సంతకం, ముద్ర వేసిన ఫారం పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కు పోయి టికెట్ తీయాలి. ఆ శ్రమ వల్లనే కాబోలు, అడిగేవాళ్లు కరువయ్యారు. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో వచ్చి నెల్లూరు హాస్టళ్లలో చదివే పిలకాయలకు ఇది విమానం రాయితీ కన్నా ఎన్నో రెట్లు అక్కరకొస్తుంది. ఇది నిజంగా విద్యార్థికి ఉన్న హక్కు. రుజువు కూడా కాలేజీయే ఇస్తుంది, పిల్లవాడు ఎవరి ముందూ నీళ్లు నమలాల్సిన పని లేదు. ఇప్పుడు దసరాకు ముందు, సంక్రాంతికి ముందు ఈ సంగతి నేనే క్లాసులో చెబుతున్నాను. మొదటిసారి చెప్పిన రోజు సాయంత్రమే ఆఫీసు ముందు ఫారాల కోసం పిలకాయలు నిలబడ్డారు.

అక్కకు బియ్యం సంగతి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పవద్దన్నది వాడి మాట. ఆ మాట నిలబెట్టడం వరకే ఇప్పుడు నా చేతిలో ఉంది. వాడు రెండో ఏడాది దిల్లీ పోయేటప్పుడు తన టికెట్ తనే తీసుకున్నాడు. మామూలు టికెట్, 15 కిలోలు. పుస్తకాలు ముందే పార్సిల్‌లో పంపుకున్నాడు. ఆ పద్ధతి నాకంటే వాడికే బాగా తెలిసింది.

చుట్టాల పిల్లలకు టికెట్లు తీసిపెట్టే నా లాంటి వాళ్లు ఊరికొకరు ఉంటారు. వాళ్లకు ఒక్కటే మనవి. కౌంటర్ దగ్గర నిలబడబోయే పిలకాయను పక్కన కూర్చోబెట్టుకుని టికెట్ తీయండి. కార్డు మీద ఉన్న తేదీని వాడి చేతే పైకి చదివించండి. తేదీ దాటిపోయి ఉంటే మామూలు టికెట్ తీసి, ఆ తేడా డబ్బు మీరే కట్టండి.